జీపు మడ్‌గార్డుకు నాయన తీసిన కొలత

వదులు అనే మాట మా అంగట్లో తిట్టు కింద లెక్క. బెంగళూరు బళేపేటలో మా తాత నాటి నుంచీ మాది గాజుల అంగడి. ఎక్కించిన గాజు మణికట్టు మీద గలగలా జారిపోతుంటే అది తొడిగినవాడికే అవమానం. ఇంత చిన్నది ఈ చేతికి పడుతుందా అనిపించే గాజును చిట్లకుండా, చర్మం గీసుకుపోకుండా ఎక్కించడమే మా నాయన పనితనం. ఆయన కొలబద్ద పట్టగా నేను చూడలేదు. ఎవరైనా అంగడి మెట్టెక్కుతూ కొంగు సర్దుకుంటే చాలు, ఆ చేతిని ఒక్కసారి చూసి పై అరలోంచి డజను తీసేవాడు. ఆ డజనే సరిపోయేది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను మెకానికల్ డిప్లొమా చదివాను. అత్తిబెలెలో ఒక చిన్న కార్ఖానాలో డ్రాయింగులు గీసే ఉద్యోగం దొరికింది. తొంభైల చివర్లో, ఇంట్లో అందరూ వద్దంటున్నా వినకుండా ఒక పాత చిన్న జీపు కొన్నాను. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. తలుపులు లేవు, పైన గుడ్డ టాపు. ఆదివారాలు కనకపుర వైపు కొండదారుల్లో జీపులు తోలే ఒక గుంపుతో కలిసి తిరిగేదాన్ని. ఆ గుంపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. వాళ్ళు ఎగతాళి చేసేకొద్దీ నా మొండితనం పెరిగేది.

మా చెల్లెల్ని ఇచ్చిన ఊరు అత్తిబెలె దాటి, తమిళనాడు సరిహద్దు అవతల, హోసూరు పక్క కొండల్లో ఉంది. వాళ్ళది పట్టుపురుగుల సేద్యం. బస్సు దిగాక అయిదు మైళ్ళ మట్టిదారి, మధ్యలో రెండు వంకలు, వానొస్తే పొంగే వాగులు. జీపు కొన్న మొదటి వానాకాలం ఆ దారిలో పోయి, రెండో వంకలో దిగబడ్డాను. సన్నటి టైర్లు బురదను కోసుకుంటూ ఇరుసు దాకా దిగిపోయాయి. చివరికి ఎద్దులు కట్టి లాగారు. మరిది బంధువులంతా గట్టు మీద నిలబడి తమాషా చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. బెంగళూరు తిరిగొచ్చిన వారంలోనే జె.సి. రోడ్డుకు పోయి వెడల్పాటి టైర్లు, వాటికి తగ్గ రిమ్ములు వేయించేశాను.

కొత్త టైర్లు మడ్‌గార్డు దాటి నాలుగు వేళ్ళ వెడల్పున బయటికి వచ్చాయి. చూడ్డానికి జీపు కాళ్ళు ఎడం చేసి నిలబడ్డట్టు ఉండేది. నాకది గర్వంగా ఉండేది. బయటికొచ్చిన టైరును పైనుంచి ఏదీ కప్పడం లేదన్న సంగతి డ్రాయింగులు గీసే నాకు తట్టలేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తుంది.

మరుసటి ఎండాకాలం మాగడి దారిలో ఒక జాతరకు గాజుల పెట్టెలు చేరవేయాల్సి వచ్చింది. నాయనను బస్సుకు పోనీకుండా నేనే బలవంతాన జీపు ఎక్కించాను. ఆయన నా ఎడమ పక్క కూర్చున్నాడు. తలుపు లేదు గనుక ఎడమ చెయ్యి బయటికి పెట్టి, సీటు పక్కన ఉన్న ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. దారిలో ఒకచోట కొత్తగా కంకర పరిచారు. నేను వేగం తగ్గించలేదు. ముందు చక్రం కింద పడిన ఒక కంకర రాయి ఎగిరి వెనక్కి వచ్చి ఆయన చేతికి తగిలింది. ఆయన అరవలేదు. “ఆపు” అన్నాడు, అంతే.

బొటనవేలి ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

గాజు తొడిగేది కుడిచెయ్యి అని చూసేవాళ్ళు అనుకుంటారు. కుడిచెయ్యి గాజును తోస్తుంది, అంతే. అసలు పనంతా ఎడమచేతిది. ఎదుటి మనిషి చేతిని అరచేతిలోకి తీసుకుని, బొటనవేలి మొదలును లోపలికి ఒత్తి, కణుపులను ఒకదాని పక్కకు ఒకటి చేర్చి, ఆ చేతిని మెత్తబరిచేది ఎడమచెయ్యి. ఆ ఆరు వారాలూ నాయన అంగట్లో కూర్చుని గాజులు చూపించాడే గానీ ఎవరి చేతికీ తొడగలేకపోయాడు. వచ్చిన ఆడవాళ్ళు కట్టు చూసి అయ్యో అని, పక్క అంగట్లో తొడిగించుకునేవారు. కట్టు విప్పాక కూడా ఆ వేలు మునుపటంత వంగలేదు. మెల్లగా పనిలో పడ్డాడు గానీ, ఒక్కో డజనుకు ఇదివరకటి కన్నా రెట్టింపు సేపు పట్టేది.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తర్వాత ఒకనాడు నేను జీపు తీస్తూ “నాయనా, సిటీ మార్కెట్ దాకా దింపుతా, రా” అన్నాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, “నాకు బస్సే సుఖం పాపా” అన్నాడు. ఆ పూట నుంచి నా జీపు ఎక్కలేదు. అంగడి ముందు అది నిలబడి ఉంటే దాని పక్కగా, కొంచెం ఎడంగా నడిచి పోయేవాడు. 

పాత టైర్లు మళ్ళీ వేసుకోమని అమ్మ పోరింది. ఆ టైర్లతో రెండో వంక దాటలేనని నాకు తెలుసు. పైగా తప్పు టైరుది కాదు, దాన్ని కప్పకుండా వదిలేసిన నాది. ఏం చేయాలో ఆలోచిస్తూ నాన్చుతుండగా, చెల్లెలు నీళ్ళోసుకుందని కబురొచ్చింది.

మా ఇళ్ళల్లో ఏడో నెల సీమంతానికి ఆడపిల్లకు తండ్రే స్వయంగా గాజులు తొడుగుతాడు. గాజులవాళ్ళం గనుక మాకది ముఖ్యమైన పని. మామూలుగా అయితే చెల్లెల్ని పుట్టింటికి తీసుకొచ్చేవాళ్ళం. కానీ డాక్టరమ్మ ఆ పిల్లను కదపొద్దని గట్టిగా చెప్పింది. శ్రావణంలో ముహూర్తం పెట్టారు. మేమే అక్కడికి పోవాలి. వానలు ముదరక ముందే అమ్మ ట్రాక్టరులో వెళ్ళి చెల్లెలికి తోడుగా ఉండిపోయింది. ఇక మిగిలింది నాయనా నేనూ.

“మీరెట్లా వస్తారు?” అని ఫోనులో చెల్లెలు అడిగితే, నాయన నెమ్మదిగా చెప్పాడు. “బస్సు దిగి నడిచి వస్తా పాపా. మా నాయన మలారం మోసుకొని ఇంతకన్నా దూరాలు నడిచినాడు.” మలారం అంటే డజన్లు డజన్లుగా తాళ్ళకు గుచ్చి కట్టిన గాజుల మోపు. భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. మా తాతది ఇంకా అటక మీద ఉంది.

వానాకాలంలో, పొంగే వంకల్లోంచి, వంగని వేలితో, భుజాన గాజు మోపుతో అయిదు మైళ్ళు. నేను ఆ పక్కనే ఫోను దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన్ను నడవనివ్వకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను. ముహూర్తానికి ఇంకా రెండు నెలల గడువుంది. ఆ లోపు, ఆయన తనంతట తాను వచ్చి నా పక్కన కూర్చునేలా ఆ చక్రాలను కప్పి తీరాలి.

మడ్‌గార్డు అంచుకు బయటి వైపు అతికించే వెడల్పాటి కమానును బజారులో ఫ్లేర్ అంటారు. నా జీపుకు తయారుగా దొరికేది ఏదీ లేదు. మూడు రకాలుగా చేయించవచ్చన్నారు. మొదటిది రబ్బరు పట్టీ. అది నేను అప్పటికే ఒకసారి కట్టి చూశాను. వేగం పెరిగితే గాలికి లేచిపోతుంది, రాయి దాని కింద నుంచి దర్జాగా వస్తుంది. రెండోది రేకు. టింకరింగు పనివాడు ఒక్కపూటలో అతికిస్తానన్నాడు. మా బళేపేట సందుల్లో మనుషులు బండిని రాసుకుంటూ నడుస్తారు. ఆ రేకు అంచు ఏ కూలిమనిషి పిక్కనైనా కోస్తుంది. ఒకరి చెయ్యి విరగ్గొట్టింది చాలు, ఇంకొకరి కాలు కొయ్యడం ఎందుకని వద్దన్నాను. మూడోది ఫైబరు. తేలిక, తుప్పు పట్టదు, అంచును గుండ్రంగా తిప్పుకోవచ్చు. దానికే నిశ్చయించాను.

కామాక్షిపాళ్యలో ఫైబరు పని చేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. కోలారు వైపు మనిషి. ఆటోల టాపులు, నీళ్ళ తొట్లు చేసేవాడు. నేను నా కొలతలు, డ్రాయింగు పట్టుకుని వెళ్ళాను. కార్ఖానా వెర్నియర్ కొలబద్దతో కొలిచి, మిల్లీమీటరు తేడా లేకుండా గీసిన అర్ధచంద్రాలు. టైరుకూ కమానుకూ మధ్య పెన్సిలు పట్టేంత సందు మాత్రమే ఉంచాను.

మేస్త్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఆడించాడు. “ఇంత బిగువు పెడితే తగల్తాది మేడమ్. నాలుగు వేళ్ళు సందు ఇడవాల. జీపులోళ్ళందరూ అట్లే చేయించుకుంటారు.”

“అందరి సంగతి నాకొద్దప్పా. నేను గీసినట్టు చెయ్యి.”

నా గుంపువాళ్ళ జీపులు నేను చూడనివా? నాలుగు వేళ్ళు సందు వదిలిన కమాన్లు చూస్తే, అంగట్లో కూర్చుని ఎవరి చేతికో రెండు సైజులు పెద్ద గాజులు తొడిగినట్టు అనిపించేది నాకు. నా కంటికి బిగువే అందం, బిగువే పనితనం. చిన్నప్పటి నుంచీ అదే చూశాను. ఇంకెవరైనా అయితే మేస్త్రీ మాట వినేవారేమో. గాజుల అంగడి పిల్లను గనుక నేను వినలేదు.

థర్మకోలు చెక్కి, దాని మీద ప్లాస్టర్ పూసి మూస చేశారు. మూసకు మైనం రుద్ది, దాని మీద జిగురు, గాజుపీచు, మళ్ళీ జిగురు. మూడు పొరలు. ఆ పీచు ముక్కలు చేతుల నిండా గుచ్చుకుని రెండు రోజులు దురద పెట్టింది. నాలుగు కమాన్లు తయారయ్యాయి. నల్ల రంగు వేసి బిగించాక జీపు ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. టైరు మీద కమాను అచ్చం మణికట్టును పట్టుకున్న గాజులాగే ఉంది. పేట వీధుల్లో రెండుసార్లు అనవసరంగా తిప్పాను. నాయన అంగట్లోంచి చూసి, మళ్ళీ గాజులు సర్దుకున్నాడు.

ఆదివారం గుంపుతో కలిసి కనకపుర వైపు పోయాను. కొండ మొదట్లో ఒక గుంత ఉంది. స్టీరింగు పూర్తిగా తిప్పి, ఎడమ చక్రాన్ని గుంత అంచు మీదికి ఎక్కించాలి. ఎక్కించాను. బండి బరువుకు స్ప్రింగులు అణిగాయి, చక్రం లోపలికి లేచింది. తిరిగి ఉన్న టైరు కమాను వెనక అంచును పంటితో పట్టినట్టు పట్టుకుని లాగేసింది. ఫటేలుమని చప్పుడు. ఎడమ కమాను సగం ఊడి వేలాడింది, మిగతా సగం దారిలో పడింది. కుడిపక్కది పగిలింది. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం వచ్చి “నాలుగు వేళ్ళు వదలాలండీ” అని జాలిగా చెప్పి పోయాడు. ఆ జాలి కంటే నవ్వే నయం.

విరిగిన ముక్కలను తెచ్చి అంగడి వెనక గోడకు ఆనించాను. ముహూర్తానికి అయిదు వారాలు కూడా లేవు. నాలుగు వేళ్ళు సందు వదిలి చేయించుకోవడానికి నాకు మనసొప్పలేదు, అందం కోసం కాదు ఈసారి. అంత సందు వదిలితే కమాను వెనక అంచు పైకి, దూరంగా పోతుంది. రాయి వచ్చేది సరిగ్గా అక్కడి నుంచే. గుంపువాళ్ళకు బండి నునుపు చెడకపోతే చాలు. నాకు ఆ కమ్మీ మీద చెయ్యి పెట్టే మనిషి ఉన్నాడు. బిగిస్తే విరుగుతుంది, వదిలితే రాయి వస్తుంది. రెండు రోజులు కాగితాలు గీసి చించాను. నామీద నాకే కోపం వచ్చి కార్ఖానాలో అందరి మీదా విసుక్కున్నాను.

మూడోరోజు సాయంత్రం నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి, నాయన ఆ విరిగిన కమానును ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. పగిలిన గాజు ఎక్కడ చిట్లిందో వెతికినట్టు వేలితో అంచు తడుముతున్నాడు.

“ఇది ఒరుసుకొనేది ఈ ఒక్క తావునే గదా పాపా? మిగతాదంతా గీటు కూడా పడకుండా ఉండాది.”

“అవును నాయనా. వెనక అంచుకే తగిలింది.”

“కొలత ఎట్ల తీసినావు?”

కార్ఖానా నేల మీద, చక్రాలు తిన్నగా పెట్టి, వెర్నియర్‌తో అని చెప్పాను.  ఆయన నా చెయ్యి పట్టుకుని తిప్పాడు.

“నువ్వు మణికట్టు కొలిచినావు. గాజుకు మణికట్టు కొలత ఎవురు చూస్తారు? ఎక్కేటప్పుడు యాడ అడ్డం పడుతుందో ఆడ చూడాల. ఈ కణుపుల కాడ, ఈ బొటనేలి మొదట్లో. నీ బండి చక్రానికి కణుపులు యాడుండాయో చూసినావా?”

 ఇరవై ఏళ్ళు ఆ మనిషి ఎదురుగా కూర్చుని తిన్నాను, ఆయన చేతుల్నే చూస్తూ పెరిగాను. బిగువు ఒక్కటే నేర్చుకున్నాను గానీ, ఆ బిగువు ఏ చోటు కొలిచి వస్తుందో నేర్చుకోలేదు.

మరుసటి ఆదివారం ఉదయం, అంగళ్ళు తెరవక ముందు, వీధి ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరం పనిలోకి దిగాం. ముందు చక్రాల మీద మిగిలిన కమాను ముక్కలన్నీ విప్పేశాను. నాయన డజన్లు కట్టే నూలుదారం ఉండ తెచ్చాడు. పక్క గోదాము ముందు రాతి మెట్టు ఉంది. “ఎడమ చక్రం దాని మీదికి ఎక్కించు” అన్నాడు. ఎక్కించాను. స్ప్రింగు అణిగి, చక్రం మడ్‌గార్డులోకి లేచింది, కొండ మీద లేచినట్టే.

“ఇప్పుడు స్టీరింగు తిప్పు. మెల్లగా.”

నేను సీట్లోంచి తొంగి చూశాను. ఆయన చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరుకూ రేకుకూ మధ్య ఎడమచెయ్యి పెట్టాడు. 

“నాయనా, చెయ్యి తియ్యి. కర్ర పెడదాం.”

“కర్రకేం తెలుస్తుంది? తిప్పు పాపా. నేను చాలంటే నిలుపు.”

అంత భయంగా నేను స్టీరింగు ఎన్నడూ తిప్పలేదు.  వేలెడు తిప్పి ఆపడం, ఆయన ‘ఇంగా’ అంటే మళ్ళీ వేలెడు. టైరు వచ్చి ఆయన చేతిని ముట్టుకోగానే “చాలు” అనేవాడు. బండి రేకు అంచు నుంచి టైరు అక్కడికి ఎంత దూరం వచ్చిందో అంత దారం తీసి, పైన ఒక వేలు మందం కలిపి ముడి వేసేవాడు. కమాను పొడవునా అయిదు చోట్ల అలా చూశాడు. స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పించి ఒకసారి, కుడికి తిప్పించి ఒకసారి. చక్రం మెట్టు మీద ఉండగా ఒకసారి, దించి ఒకసారి. రెండు చక్రాలూ అయ్యేసరికి ఎండ వీధిలోకి వచ్చింది. వెనక చక్రాలు పక్కలకు తిరగవు గనుక ఆ కమాన్ల జతను వేలెడు పైకి జరిపితే చాలన్నాడు.

చివరికి చక్రానికొకటి చొప్పున రెండు దారాలు నా చేతిలో పెట్టాడు. వాటిని కాగితం మీద పరిచి గీస్తే అర్ధచంద్రం రాలేదు. ముందు వైపు టైరుకు దగ్గరగా వచ్చి, పైన కాస్త లేచి, వెనక ఒకచోట బొటనవేలి మొదలులా ఉబ్బి, ఆ తర్వాత మళ్ళీ లోపలికి, కిందికి, బిగువుగా దిగిపోయే ఒక వంకర గీత వచ్చింది. డ్రాయింగు మనిషిగా నాకది చూడబుద్ధి కాలేదు. కానీ రాయి వచ్చే చోట అది మూసి ఉంది. టైరు వచ్చే చోట తెరిచి ఉంది. నా పెన్సిలు సందూ కాదు, గుంపువాళ్ళ నాలుగు వేళ్ళూ కాదు.

“అయితే బండెక్కుతావా నాయనా?” అని ఉండబట్టలేక అడిగాను.

ఆయన చేతులు దులుపుకుంటూ లేచాడు. “మొదట అది నిలవనీ.”

మేస్త్రీ ఆ దారాలు చూసి బిత్తరపోయాడు. “ఈ ముడులేంది మేడమ్? తాయత్తుకా?”

“కొలతలప్పా. ఈసారి వీటి ప్రకారం చెయ్యి. నీ మాట విననందుకు తప్పు నాదే.”

ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు. మేడమ్ పోయి అక్క వచ్చింది. “అట్లంటావేందక్కా, నేను నాలుగు వేళ్ళు అన్నది కూడా సుమ్నె, ఊరకే అలవాటుకే గదా” అన్నాడు. మూసను ఆ వంకరకు తగ్గట్టు మళ్ళీ చెక్కాడు. ఈసారి నాలుగు పొరలు వేశాడు. వెనక అంచు లోపలి వైపు ఇంకో పీచు పట్టీ కలిపాడు.

బిగించే పని మాత్రం నేనే చేసుకున్నాను. బండి రేకుకు మొదటి రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు జారకుండా టేపు అంటించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ప్రతి రంధ్రం అంచుకూ తుప్పు పట్టకుండా రంగు పూశాను. రివెట్లు కొడితే తొందరగా అయిపోతుంది, కానీ అదురుకు వదులవుతాయి. అందుకని బోల్టులు, వెడల్పు వాషర్లు వాడాను. కమానుకూ రేకుకూ మధ్య రబ్బరు బీడింగు కూర్చాను. రెండు ఆదివారాలు పట్టింది. నాయన అంగడి మెట్టు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నట్టు కనిపించేవాడు, పేజీ మాత్రం తిప్పేవాడు కాదు.

నా కార్ఖానా అవతల కంకర క్వారీకి పోయే దారి ఒకటుంది. ఆ దారిలో రాళ్ళకు, బురదకు కొదవలేదు. నాయన భుజాన వేసుకునే తెల్ల తువ్వాలు ఒకటి అడక్కుండా తీసుకుపోయి, ఆయన చెయ్యి పెట్టిన కమ్మీకి గట్టిగా చుట్టాను. ప్రతిరోజూ పని అయ్యాక వెలుతురు ఉండగానే ఆ దారిలో నాలుగుసార్లు అటూ ఇటూ తోలేదాన్ని. మొదటిరోజు తువ్వాలు మీద బురద చుక్కలు పడ్డాయి. కమాను కింది అంచుకు ఒక రబ్బరు నాలుక తగిలించాను. రెండోరోజు రెండే చుక్కలు. ఆ నాలుకను ఇంకో రెండు అంగుళాలు పొడిగించాను. మూడోరోజు ఒక్క చుక్క లేదు. అయినా నమ్మకుండా వారం తోలాను. పెద్ద గుంత వెతికి మరీ ఎక్కించాను, టైరు ఎక్కడా ముట్టుకోలేదు. ఇంటికొచ్చి తువ్వాలు దండెం మీద ఆరేసేదాన్ని. నాయన దాన్ని చూసేవాడు. 

శ్రావణం వచ్చింది. ముహూర్తం రోజు పొద్దున్నే లేచి చూస్తే, ఆయన అటక మీది తాతగారి మలారం దించి, పచ్చగాజులు గుచ్చి, పాతచీరతో చుట్టి తయారుగా పెట్టుకున్నాడు. కాళ్ళకు నడక చెప్పులు. బస్సుకు పోవడానికి సిద్ధమయ్యాడని అర్థమై నాకు ఏడుపొచ్చింది. అయినా కిందికి పోయి జీపు తీసి అంగడి ముందు నిలిపాను. ఇంజను ఆపలేదు.

ఆయన మెట్లు దిగి వచ్చాడు. ఎడమ ముందు చక్రం దగ్గర నిలబడి వంగి, ఆ ఉబ్బిన చోట కమాను లోపలికి వేళ్ళు పెట్టి ఒకసారి తడిమాడు. ఎప్పటిలా ఎడంగా నడిచిపోతాడనుకున్నాను. మలారం ఒళ్ళో పెట్టుకుని నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. నేను ముందుకే చూస్తూ గేరు వేశాను.

అత్తిబెలె దాటాం. ఆయన రెండు చేతులూ మలారం చుట్టూ ఉన్నాయి, ఎడమచెయ్యి కుడిచేతి కింద దాచుకున్నాడు. మట్టిదారి మొదలైంది. మొదటి వంకలో నీళ్ళు మోకాలి లోతు, సులువుగా దాటేశాం. రెండో వంకకు ముందు ఎవరో కంకర పోశారు. రాళ్ళు కమాను లోపల టకటకమని కొడుతున్నాయి.  వంకలోకి దిగాక జీపు ఎడమవైపు ఒరిగింది. మలారం జారబోయింది. ఆయన కుడిచేత్తో దాన్ని ఒడిసిపట్టుకుని, ఎడమచెయ్యి చాచి బయటి కమ్మీ పట్టుకున్నాడు. అదే కమ్మీ, అదే చోటు.

నాకు తెలియకుండానే బ్రేకు నొక్కాను.

“యాల నిలిపినావు? పో పాపా” అన్నాడు.

టైర్లు బురదను పట్టుకుని జీపును గట్టెక్కించాయి. గట్టు మీద కూడా ఆయన చెయ్యి తీయలేదు. ఊరు వచ్చేదాకా, ఆ చివరి రెండు మైళ్ళూ, కంకర మీదా బురదలోనూ చెయ్యి అక్కడే ఉంది. నేను రోడ్డు కంటే దాన్నే ఎక్కువసార్లు చూసి ఉంటాను.

చెల్లెలింటి ముందు జీపు దిగాక, పందిట్లోకి పోయే ముందు ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. ఎడమచెయ్యి తుడుచుకోబోయి, వెనకా ముందూ తిప్పి చూసుకున్నాడు. తుడవడానికి ఏమీ లేదు. తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, పీట మీద కూర్చున్న చెల్లెలి ఎదురుగా చాప మీద కూర్చుని, మలారం విప్పి, ఆ చెయ్యే ముందుకు చాచాడు.

“ఏదీ, చెయ్యి ఇయ్యి పాపా.”